రెండు నిమిషాలు ముందు

మా వంటింటి గడియారం ఇప్పటికీ రెండు నిమిషాలు ముందు నడుస్తుంది.
సరిచేస్తానని మనవడు ఒకసారి కుర్చీ కూడా ఎక్కాడు.
దిగమన్నాను.

ఎందుకో చెప్పాలంటే
గ్రిమ్స్‌బీలో, ఫ్రీమన్ స్ట్రీట్‌లో,
కార్పెట్ల కొట్టు మీది రెండు గదుల గురించి చెప్పాలి.
టైడ్ ఎఫ్‌ఎం ఆ గదుల్లోంచే మాట్లాడేది.
స్టూడియో గడియారం రెండు నిమిషాలు తొందరపడేది,
ఎవరూ దిద్దలేదు.
గ్లెన్ ఆస్క్యూ ఆరయిందంటే ఊరికంతా ఆరయినట్టే.
బస్సులు మాత్రం నమ్మేవి కావు.

అందుకని చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళం
రోజూ బస్టాపులో రెండు నిమిషాలు చలికి మిగిలిపోయేవాళ్ళం.
ఆ రెండు నిమిషాల్లోనే
డెనీస్ కొత్త స్టెప్పు నేర్పేది,
రబ్బరు బూట్లతో.

లోపల రేడియో మంచు పెట్టెల మీద,
ఒంటికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని.
వాల్యూం మీట చేప జిగురుకి జారిపోయేది.
నిమిషానికి నూట ముప్పై దెబ్బలు పడే పాట వస్తే
కత్తి దానంతటదే నడిచేది.
నెమ్మది పాట వస్తే సూపర్‌వైజర్ హోల్‌నెస్‌కి కంగారు,
ఆఫీసులోకెళ్ళి స్టేషన్‌కి ఫోన్ చేసి
భార్య పేరు మీద జోరు పాటలు అడిగేవాడు.
పాపం, ఆవిడ చెవిన ఒక్కటీ పడి ఉండదు.

ఆ పాటల్లో ఏముందంటే ఏం చెప్పను?
ఒకే మాట నలభైసార్లు.
ఎవరో అమ్మాయి చేతులు పైకెత్తమనేది.
మా చేతులకి రెండేసి జతల గ్లవ్స్, లోపల వేళ్ళు తిమ్మిరి.
అయినా ఎత్తేవాళ్ళం.

మధ్యలో తప్పిపోయిన తాబేలు కబురు.
పేరు బ్రూనో, వీపు మీద తెల్ల రంగు చుక్క.
తొమ్మిది రోజులు చెప్పాడు గ్లెన్, పదోరోజు దొరికిందన్నాడు.
మేం కత్తులు బల్ల మీద పెట్టి చప్పట్లు కొట్టాం.

మా ఆయన లెస్లీది పైలట్ పడవ మీద పని.
నది మొగ దాటాక ఎర్ర బోయా దగ్గర
పాట తెగిపోయేదట,
చరణంలో ఎక్కడున్నా సరే, కత్తిరించినట్టు.
అవతలంతా గరగర.
తిరిగొచ్చేటప్పుడు లైట్‌హౌస్ కన్నా ముందు
గ్లెన్ పాడు జోకు చెవికి తగిలేదట.
"దానికీ నవ్వొచ్చిందంటే ఇల్లు దగ్గరపడ్డట్టే" అనేవాడు.
మేం విడిపోయి ఇరవై ఏళ్ళు.
ఆ బోయా ఎక్కడుందో ఇవాళ్టికీ వేలుపెట్టి చూపించగలను,
ఎన్నడూ చూసింది లేదు.

స్టేషన్ కాలం చేసిందని ఎవరూ అనలేదు.
విలీనం అన్నారు.
ఆఖరి శుక్రవారం వీడ్కోలు మాటేదీ వద్దన్నారట గ్లెన్‌ని.
వాతావరణం చెప్పాడు మామూలుగానే,
ఈశాన్యపు గాలి, సాయంత్రానికి వాన.
తర్వాత ఊరుకున్నాడు.
అతను ఊరుకోగా వినడం అదే మొదలు.

సోమవారం అదే నంబరు మీద
ఎక్కడిదో నున్నటి గొంతు
మా ఊరిని "మీ ప్రాంతం" అంది.
ఆరింటికి ఆరు అంది, కచ్చితంగా.
ఆ వారం మేమూ బస్సూ ఒక్కసారే చేరాం.
డెనీస్ టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఆ మెట్లెక్కితే గోళ్ళకి రంగులేస్తారు.
నేనూ వేయించుకున్నాను ఒకసారి, ఆకుపచ్చ,
గోడకి పాత నురగ అట్టలేమైనా మిగిలాయేమో చూద్దామని.
లేవు.

మొన్న కంటి ఆసుపత్రిలో
నర్సు "ఆస్క్యూ" అని పిలిస్తే
నా ముందు వరసలో బట్టతల ఒకటి లేచింది.
టైమెంతయిందండీ అన్నాను, ఇంకేమీ తోచక.
వాచీ చూసుకున్నాడు.
"పదీ ఇరవై రెండు" అన్నాడు,
అదే గొంతు, కాస్త జలుబు చేసినట్టు.

గోడ గడియారం ఇంకా ఇరవై దగ్గరే ఉంది.